మా వాడి ధైర్యం

మా అత్తగారి వంశంలో భయమన్నది లేదట. పెళ్ళిచూపులప్పుడు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. కొడుకు పుట్టి ఏడాది దాటాక గానీ నాకు తెలియలేదు. ఆ దీపావళికి గల్లీ పిల్లలు మా గుమ్మం ముందే లక్ష్మీబాంబు పేల్చారు. నా చేతిలో చాయ్ గిన్నె జారిపోయింది. పెద్దది, నా కూతురు, కేకపెట్టి నా కాళ్ళకు చుట్టుకుంది. అరుగు మీద కూర్చుని బిస్కెట్ ముక్క నాకుతున్న వాడు మాత్రం తల కూడా తిప్పలేదు. మా అత్త వాణ్ణి చంకనెత్తుకుని గల్లీ మొత్తం తిరిగి, బాంబు పేలినా జడవని పిల్లగాడు ఎవరింట్లో ఉన్నాడో చెప్పుకోమని అడిగి వచ్చింది. ఆ రోజు నుంచి వాడి ధైర్యం మా ఇంటికి పెద్ద ఆస్తి అయింది.

ఆస్తి అన్నాక పెంచుకోవాలి కదా. మూలమీద ట్రాన్స్‌ఫార్మర్ పేలితే వాడు నిద్ర లేవలేదు, అదొక ధైర్యం. కుక్కర్ పక్కనే కూర్చుని ఆడుకుంటాడు, విజిల్‌కు ఉలకడు పలకడు, అదింకో ధైర్యం. ఎవరిదో బరాత్‌లో డీజే పెట్టె మీద రెండు చేతులూ ఆనించి, అది అదురుతుంటే కళ్ళు పెద్దవి చేసి నవ్వాడు. అది చూసి మా ఆడబిడ్డ వీడు పాటగాడవుతాడని తీర్పు చెప్పింది. మా అత్తకు పాటగాడు సరిపోలేదు, పాస్టరు కావాలంది. ఇద్దరూ వాడి భవిష్యత్తు గురించి వాదించుకుంటుంటే నేను వాడి చెవుల వంక చూస్తూ నిలబడ్డాను.

మేముండేది నిజామాబాద్‌లో, బోధన్ రోడ్డుకు దగ్గర, రెండు గదుల కిరాయి ఇల్లు. మా ఆయన ట్రాక్టర్ సామాన్లు అమ్మే దుకాణంలో పని చేస్తాడు. మా అత్త మాతోనే ఉంటుంది. ఆడబిడ్డ ఆయనకంటే పెద్దది, ఉండేది బోధన్ పక్క పల్లెలో, ఏలేది మా ఇంట్లో. పొద్దున లేస్తే ఫోను. మేము ఏం వండాలో, పిల్లలకు ఏ నూనె రాయాలో, ఆదివారం చర్చికి నేను ఏ చీర కట్టాలో అన్నీ అక్కడినుంచే వస్తాయి. ఒకప్పుడు చెరుకు బండ్లు వరసకట్టిన ఊరు అది, చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక వరి వేసుకుంటున్నారు. చెరుకు పోయినా ఆమె మాటలో తీపి తగ్గలేదు. తీయగా మాట్లాడుతూనే గొంతు దాకా ముంచుతుంది.

రెండేళ్ళు నిండాయి. మావాడికి ఒక్క మాట లేదు. అమ్మ లేదు, అత్త లేదు, ఆఖరికి అలిగి ఏడ్చినప్పుడు కూడా ఒకటే అరుపు. నేను కంగారుపడితే మా అత్త నవ్వింది. మా ఆయన కూడా అయిదేళ్ళకు గానీ నోరు విప్పలేదట. నేను ఆయన వైపు చూశాను. అయిదేళ్ళకు మొదలుపెట్టిన మనిషి ఇప్పటికీ పెద్దగా సాగించింది లేదు. నోట్లో నాలుక లేని మనిషి అని నలుగురూ మెచ్చుకుంటారు. ఆ మెప్పుతో కాపురం చేసేదాన్ని నేను కదా, నన్ను అడగాలి.

మాటలకు మందులు మొదలయ్యాయి. పొద్దున్నే మా అత్త సాన మీద వసకొమ్ము అరగదీసి వాడి నాలుకకు రాసేది. వాడు మొహమంతా ముడుచుకుని ఉమ్మేసేవాడు. ఆడబిడ్డ చిలుక కొరికిన జామపండ్లు ఏరి, గుడ్డసంచిలో వేసి బస్సు కండక్టర్ చేతికిచ్చి పంపేది. పక్షి ఎంగిలి తిన్న పిల్లలు చిలకల్లా పలుకుతారని ఆమె నమ్మకం. ఆ పండ్లు తిని మావాడికి విరేచనాలు పట్టుకున్నాయి. మాటలు రాలేదు గానీ మూడు రోజులు బట్టలు ఉతకడానికి నాకు తీరిక దొరకలేదు. మందు పనిచేస్తున్నదంటే ఇదే గుర్తని ఫోనులో చెప్పింది ఆ మహాతల్లి.

అంగన్‌వాడీ టీచరే మొదట నాతో గట్టిగా చెప్పింది. మావాడిని వెనక నుంచి పిలిచి చూసింది, గిలక్కాయ ఊపి చూసింది, తర్వాత నన్ను పక్కకు తీసుకుపోయింది. చెవి పరీక్ష చేయించమంది. చెవులు వినబడని పిల్లలకు మాటలు పట్టే వయసొకటి ఉంటుందనీ, అది దాటిపోతే తర్వాత ఎంత మొత్తుకున్నా కష్టమనీ చెప్పింది. వాణ్ణి చంకనేసుకుని ఇంటికి పరుగెత్తాను. నేను ఆలస్యం చేసే ప్రతి రోజూ వాడి నోట్లోంచి ఒక మాట పోతున్నట్టే అనిపించింది.

ఇంట్లో చెప్పాను. మా అత్త వంటింట్లోంచి పెద్ద ఇత్తడి గిన్నె తెచ్చి, నేల మీద ఆడుకుంటున్న వాడి వెనక ధబీమని వేసింది. వాడు చటుక్కున తిరిగి చూశాడు. ఆమె నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. మా ఆయన హమ్మయ్య అన్నాడు. ఆ ఒక్క మాట అనడానికి మాత్రం ఆయన నోరు పెగిలింది. నేను కూడా ఆ రాత్రి దేవుడికి దండం పెట్టుకుని పడుకున్నాను.

మర్నాడు వాణ్ణి మంచం మీద కూర్చోబెట్టి అదే గిన్నె అట్లానే నేల మీద వేశాను. వాడు దిండు గలీబు నములుతూనే ఉన్నాడు. మళ్ళీ వేశాను. పక్కింటామె వచ్చి ఏం పగిలిందని అడిగింది. వాడికి మాత్రం ఏమీ పగల్లేదు. తేడా ఎక్కడుందో అర్థం కాక నేను అట్లానే నిలబడితే, బడికి జడ వేయించుకోవడానికి వచ్చిన నా కూతురు నాకు పాఠం చెప్పింది.

"మమ్మీ, గట్ల గాదు. తమ్మున్ని కింద కూసోబెట్టి నేల తొక్కాలె. అప్పుడు సూస్తడు."

దానికి ఎప్పటినుంచో తెలుసు. తమ్ముడితో ఆడుకోవాలంటే నోటితో పిలవకూడదు, కాలితో నేల తన్నాలి. అదొక ఆట అనుకుంది. మా ఇంట్లో బైబిల్ మొత్తం రెండుసార్లు చదివిన మనిషి ఉంది, ఊరూరా సంబంధాలు కుదిర్చే మనిషి ఉంది, ట్రాక్టర్ ఇంజన్ చప్పుడు విని ఏ సామాను పోయిందో చెప్పే మనిషి ఉన్నాడు. ఒకటో తరగతి పిల్లకు కనిపించింది ఈ ముగ్గురికీ కనిపించలేదు. నన్ను కూడా కలుపుకుంటే నలుగురం.

డాక్టరు దగ్గరకు పోదామని ఆయనతో అన్నాను. అవ్వను, అంటే మా అత్తను, ఒక మాట అడుగుదామన్నాడు. అవ్వ అక్కను అడుగుదామంది. అక్క ఫోనులో ససేమిరా అంది. చెవి డాక్టరు కాగితం మీద ఒకసారి రాస్తే అది ఇంటిపేరయి కూర్చుంటుందట. ఇంట్లో పెళ్ళి కావలసిన పిల్లలున్నారట. ఆమెకు పెళ్ళీడుకొచ్చిన కొడుకు ఉన్నాడు, నిజమే. ఆయన గారికి పిల్లనిచ్చేవాళ్ళు నా కొడుకు చెవుల్లో దీపం పెట్టి చూస్తారా అని అడిగాను. నోరెక్కువైందని అంది. ఇంట్ల ఈగల మోత, బయట పల్లకీల మోత అని ఊరికే అన్నారా పెద్దలు!

ఇట్లా రోజులు జరిగి జరిగి కోతల పండుగ వచ్చింది. మేము మెథడిస్టులం. పండుగకు ఎవరి పంటలోంచి వాళ్ళు కొంత తెచ్చి చర్చిలో పెడతారు, పసుపు కొమ్ములు, వడ్ల మూట, గుమ్మడికాయ, కోడిపుంజు, తర్వాత వాటిని వేలం వేస్తారు. ఆడబిడ్డ ఊరి చర్చి పాతది, ముందర రెండు రాతి స్తంభాల నడుమ పెద్ద గంట ఉంటుంది. పండుగకు ముందు రోజే మా అత్తనూ నన్నూ పిల్లలనూ పిలిపించింది, ఆయన దుకాణం వదలలేక ఉండిపోయాడు. నేను ఇంకో సంచి జామపండ్లకు తయారై పోయాను గానీ అక్కడ నాకోసం వేరే ఏర్పాటు జరిగింది.

గుడి గంట మీద నీళ్ళు పోసి, కింద గిన్నెలో పట్టి, మాటలు రాని పిల్లలకు తాగించడం మా దిక్కు ఉన్నదే. మావాళ్ళు దాన్ని చర్చి గంటకు మార్చారు. పాస్టరయ్య వేలం పాటకు మైకు మాట్లాడడానికి బోధన్ పోయిన సమయం చూసుకున్నారు, అంటే చేస్తున్నది తప్పని తెలుసు. ఇది గుడి ఆచారం కాదా అత్తమ్మా అని నేను అడిగితే, గంట మనదే కదా అంది. ప్రార్థనలో పక్కవాళ్ళ విగ్రహాల మీద అంతసేపు మాట్లాడే మనిషి! నేను నవ్వాను. నవ్వు ఆపుకోవడం నాకు చేతకాదు.

వాణ్ణి సరిగ్గా గంట కింద నిలబెట్టారు. ఆడబిడ్డ నిచ్చెన ఎక్కి చెంబుతో నీళ్ళు పోసింది. మా అత్త కింద గిన్నె పట్టుకుంది. చర్చి చూసుకునే ముసలాయన తాడు పట్టుకుని రెండు చేతులతో లాగాడు. గంట మోగింది. దగ్గరినుంచి ఆ చప్పుడు ఎట్లుంటుందో నాకు అప్పుడే తెలిసింది, పళ్ళు జివ్వుమన్నాయి. ఆడబిడ్డ నిచ్చెన మీద చెంబు వదిలేసి చెవులు మూసుకుంది. నా కూతురు ఏడ్చింది. కప్పు మీది పావురాలన్నీ లేచాయి. మావాడు పావురాలను చూసి చప్పట్లు కొట్టాడు. గంట వాడి తల మీద ఊగుతూనే ఉంది, వాడు ఒక్కసారి కూడా తల ఎత్తి దాన్ని చూడలేదు.

ఇంతకంటే ఏం కావాలి? అక్కడున్న అయిదారుగురికీ ఆ క్షణాన తెలిసిపోయింది. తాడు పట్టుకున్న ముసలాయన తాడు వదిలేసి నేల చూపులు చూశాడు. మా అత్త మాత్రం గిన్నె వాడి నోటికి పెట్టి, చుట్టూ ఉన్నవాళ్ళ వైపు తిరిగి, గర్వంగా అంది.

"సూసిన్రా, గింత గంట గొట్టినా జడవలేదు నా కొడుకు."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. వాణ్ణి ఎత్తుకున్నాను.

"అది ధైర్యం కాదు అత్తమ్మా. వానికి ఇనొస్తలేదు."

ఆడబిడ్డ నిచ్చెన దిగి వచ్చి నా మోచేయి గిల్లింది, పదిమందిలో ఆ మాట అనవద్దని. తర్వాత వాడు ఆమె కొంగు పట్టి లాగుతుంటే, వద్దురా అని నాలుగుసార్లు అని, విసుగుతో చెవిటోని ముంగట శంఖం ఊదినట్టే ఉన్నదని అంది. అని, తనే నవ్వింది. ఆమె నోటినుంచి ఏం వచ్చిందో ఆమెకే తెలియలేదు. నేను పిల్లలిద్దరినీ తీసుకుని నేరుగా బస్సు స్టాండుకు నడిచాను.

బస్సులోంచి ఆయనకు ఫోను చేశాను. చెవి డాక్టరు దగ్గరకు పోతున్నాను, వస్తే రా, రాకపోతే లేదు, అవ్వను మాత్రం అడగకు అన్నాను. నేను చేరేసరికి దవాఖాన మెట్ల మీద దుకాణం చొక్కాతోనే నిలబడి ఉన్నాడు. ఆ మనిషి జన్మలో అవ్వను అడగకుండా చేసిన మొదటి పని అదే. మెచ్చుకుందామనుకున్నాను గానీ, ఏడాది కిందట చేయవలసిన పనికి ఇప్పుడు దండ ఎందుకని ఊరుకున్నాను.

ఇంకో రోజు రమ్మని, నిద్రమందు తాగించి, తలకు వైర్లు అతికించి పరీక్ష చేశారు. రెండు చెవులూ బాగా తక్కువ. పూర్తిగా పోలేదు, మిషన్లు పెట్టి, మాటలు నేర్పించే మేడం దగ్గరకు తీసుకుపోతూ ఉంటే మాటలు వస్తాయన్నాడు డాక్టరు. నిద్ర లేచినప్పటి నుంచి పడుకునేదాకా మిషన్లు చెవికి ఉండాలన్నాడు. ఎంత వింటే అంత మాట, తీసి పక్కన పెట్టినంతసేపూ నష్టమే అని రెండుసార్లు చెప్పాడు. ఇంత ఆలస్యం ఎందుకు చేశారని డాక్టరు అడిగితే మా ఆయన నా వైపు చూశాడు. నేను గోడ మీది గడియారం వైపు చూశాను. మా వంశం చాలా ధైర్యం గలది అని చెప్పేదాన్నే, డాక్టరుకు తీరిక లేదు.

మిషన్లు పెట్టిన మొదటి రోజు వాడు భయపడ్డాడు. అవును, భయపడ్డాడు. మిక్సీ వేస్తే ఏడ్చి నన్ను కరుచుకున్నాడు. కుక్కర్ విజిల్‌కు గోడవారకు పరుగెత్తాడు. ఆటో హారన్‌కు ఉలిక్కిపడ్డాడు. వాడు ఉలిక్కిపడిన ప్రతిసారీ నాకు పండుగే. మా అత్త ముఖం మాత్రం మాడిపోయింది. సింహం పిల్ల కాస్తా మామూలు పిల్లాడయ్యాడు కదా.

ఆమె మిషన్‌ను వద్దనలేదు. దాచింది. ఎవరైనా వస్తున్నారంటే వాడి తల మీద మంకీక్యాప్ వేసేది. మా ఊరి ఎండాకాలం ఎట్లుంటుందో వేరే చెప్పాలా, కోడిగుడ్డు బండ మీద పగలగొడితే ఆమ్లెట్ అవుతుంది. అందులో ఉన్ని టోపీ! వాడు చెమటతో తడిసి టోపీ లాగేవాడు, దాంతోపాటు మిషన్లూ ఊడివచ్చేవి. నేను నీళ్ళు పట్టుకోవడానికి పోయి వచ్చేలోపు అవి అల్మారాలో ఉండేవి. చెమటకు ఖరాబు అవుతాయని తీశానని చెప్పేది. ఆ పూటంతా వాడు మళ్ళీ చప్పుడు లేని లోకంలో కూర్చునేవాడు. పోట్లాడాను, బతిమాలాను, ఆయనతో చెప్పించాను. ఆయన చెప్పడమంటే ఆమె ముందు నిలబడి గొంతు సవరించుకోవడం.

చివరికి మా ఇంట్లో కృతజ్ఞతా కూడిక పెట్టిస్తానంది మా అత్త. దేనికి కృతజ్ఞత అని అడిగాను. దేవుడు చేసిన మేలుకంది. సరే, దేవుడి మీద నాకేం కోపం లేదు. జంపఖానాలు పరిచాం, ప్లాస్టిక్ కుర్చీలు తెచ్చాం. పాస్టరయ్య వచ్చాడు, సంఘం ఆడవాళ్ళు వచ్చారు, ఆడబిడ్డ బోధన్ నుంచి కొత్త చీరలో దిగింది. పాటలయ్యాక నేను చాయ్ పెట్టడానికి వంటింట్లోకి పోయాను. అక్కడికి మా అత్త సాక్ష్యం వినబడుతూనే ఉంది. మనవడికి చెవులు మందగిస్తే తను ఉపవాసం ఉండి ప్రార్థించిందట. చర్చి గంట కింద నిలబెడితే దేవుడు చెవులు తెరిచాడట. అందరూ స్తోత్రం అన్నారు. డాక్టరు లేడు, వైర్లు లేవు, మిషన్ లేదు. నేనూ లేను. చక్కెర వేయడం మరచి చాయ్ వడపోశాను.

ట్రే పట్టుకుని బయటికి వచ్చేసరికి వాడు గది మధ్యలో అటు తిరిగి కూర్చుని, పెప్పర్‌మెంట్ కాగితం సాగదీస్తున్నాడు. చెవులు రెండూ బోసిగా ఉన్నాయి. మా అత్త వాడి వెనక నిలబడింది. చూడండ్రని జనానికి చెప్పి, కొడుకా అని పిలిచింది. వాడు తిరగలేదు. గొంతు పెంచి మళ్ళీ పిలిచింది. వాడు కాగితాన్ని వెలుతురుకు ఎత్తి, అందులోంచి కిటికీని చూశాడు. మూడోసారి పిలుపు వీధిలోకి వినబడి ఉంటుంది. పాస్టరయ్య బైబిల్ మూసి మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

నేను ట్రే కింద పెట్టి ఆమె దగ్గరకు పోయి చేయి చాపాను. మిషన్లు ఇవ్వమన్నాను. ఆడబిడ్డ లేచి వచ్చి, అందరి ముంగట ఇజ్జత్ తియ్యకని నా చెవిలో బుసకొట్టింది.

"ఇజ్జత్ మీ దగ్గర్నే ఉంచుకోండ్రి వదినె. వాని చెవులు వానికియ్యుండ్రి."

ఆ మాట గదంతా విన్నది. నేను వినాలనే అన్నాను. మా అత్త కొంగుముడి విప్పడానికి చాలాసేపు పట్టింది. పెప్పర్‌మెంట్ బిళ్ళల మధ్య నుంచి మిషన్లు తీసి నా చేతిలో పెట్టింది. వాడి పక్కన కూర్చుని ఒక్కొక్కటే పెట్టాను. వాడు ఒక్కసారి కనురెప్పలు కొట్టాడు, ఫ్యాను వైపు చూశాడు, ఆ తర్వాత గిన్నె చప్పుడైతే వంటింటి వైపు చూశాడు. ఇప్పుడు పిలవమని ఆమెతో అన్నాను.

ఆమె అక్కడే జంపఖానా మీద కూలబడింది. సాక్ష్యం చెప్పిన గొంతు ఎటు పోయిందో. నాకు జాలి కలగలేదు, కలిగిందని రాస్తే అబద్ధం. చివరికి, పక్కన కూర్చున్న నాకే సగం వినబడేటట్టు, "కొడుకా" అంది.

వాడు తిరిగాడు. కాగితం అక్కడే పడేసి, గబగబా పోయి ఆమె ఒడిలో ఎక్కాడు. మాట ఎక్కడినుంచి వస్తున్నదో తెలుసుకోవడానికి ఎదుటి మనిషి గొంతు మీద వేళ్ళు పెట్టి చూడడం మేడం వాడికి నేర్పింది. నా గొంతు మీద, అక్క గొంతు మీద, వాళ్ళ నాన్న గొంతు మీద కూడా పెట్టి చూశాడు. నాన్నమ్మ గొంతు మీద పెట్టడం అదే మొదలు. నాలుగు వేళ్ళు ఆనించి, ఆమె నోటి వంక చూస్తూ ఎదురుచూశాడు. ఆమె పెదవులు అదిరాయి గానీ మాట రాలేదు. మిషన్ పని చేయడం లేదనుకున్నాడేమో, ఒక చేత్తో తన చెవిని సరిచేసుకుని, ఇంకో చేత్తో ఆమె గొంతును మళ్ళీ మళ్ళీ తట్టాడు.